ఆ ఒక్క ‘యెస్’ ఖరీదు... ఒక రాత్రి!

మూడేళ్ల కిందటి మాట. రాత్రి తొమ్మిదిన్నర. అమెరికాలో ఉన్న క్లయింట్‌తో కాల్‌లో ఉన్నాను. కాసేపట్లో డేటాబేస్‌లో ఒక మార్పు చేయాలి. దానికి ముందు నేను బ్యాకప్ తీయాలి. ఇంకా తీయలేదు. అప్పుడే ఆయన అడిగాడు: ‘‘యూ హావెంట్ టేకెన్ ద బ్యాకప్ యెట్?’’

‘ఇంకా బ్యాకప్ తీయలేదా?’ అని నాకు శుభ్రంగా అర్థమైంది. తీయలేదు కాబట్టి నిజాయతీగా ‘‘యెస్’’ అన్నాను. నా లెక్కలో దానర్థం ‘అవునండీ, తీయలేదు’ అని.

ఆయన లెక్కలో ‘తీసేశాను’ అని! ‘‘గ్రేట్’’ అంటూ మార్పు మొదలుపెట్టేశాడు. పది నిమిషాల్లో ఒక టేబుల్ మొత్తం పాడైంది. వెనక్కి తెచ్చుకుందామంటే బ్యాకప్ ఏది? ముందురోజు కాపీ ఒకటి ఉంది కాబట్టి ఉద్యోగం మిగిలింది. ఆ మధ్యలో పోయిన డేటాను లాగ్స్ చూసుకుంటూ వరుస తర్వాత వరుస పేర్చేసరికి తెల్లారిపోయింది.

పొద్దున్నే మా మేనేజర్ కాల్ రికార్డింగ్ విన్నారు. తిడతారనుకున్నా. ‘‘నువ్వు అబద్ధం చెప్పలేదమ్మా. తెలుగు జవాబే చెప్పావు, ఇంగ్లిష్ మాటతో’’ అన్నారు. అంతే. ఆ రోజు నుంచి ఇంగ్లిష్ వాక్యాన్ని నేను చూసే తీరు మారిపోయింది.

నాకు గ్రామర్ రాదా అంటే, వచ్చు! నరసరావుపేట దగ్గర పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మీడియం. తర్వాత ఇంజనీరింగ్. 1930ల్లో మొదటిసారి అచ్చయిన రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం ఇప్పటికీ మన ఇళ్లల్లో అటక మీదో, పుస్తకాల షెల్ఫులోనో ఉంటుంది కదా, అది నేనూ తిరగేశాను. వాక్యాల రకాలు ఎన్ని అంటే నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. చేసే పనిని బట్టి 4: డిక్లరేటివ్, ఇంటరాగేటివ్, ఇంపరేటివ్, ఎక్స్‌క్లమేటరీ. నిర్మాణాన్ని బట్టి 4: సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్, కాంపౌండ్-కాంప్లెక్స్. పేర్లన్నీ వచ్చు. మాట్లాడబోతే మాత్రం నోరు తిరగదు.

మొన్న మా బాబాయి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. బీటెక్ ఫైనలియర్, క్యాంపస్ ఇంటర్వ్యూలు దగ్గర పడ్డాయి. ‘‘అక్కా, సెంటెన్స్ టైప్స్ పీడీఎఫ్ ఏదైనా ఉంటే పంపవా?’’ అంది. పీడీఎఫ్ పంపలేదు. దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఈ రకాలు మనకు కొత్తవి కావు

హైస్కూల్ తెలుగు వ్యాకరణం గుర్తుందా? నిశ్చయార్థకం, ప్రశ్నార్థకం, విధ్యర్థకం, ఆశ్చర్యార్థకం. ‘పరీక్షలో రెండు మార్కులు’ అని బట్టీ కొట్టాం. ఇంగ్లిష్‌లో ఆ నాలుగూ ఇవే.

విషయం చెబితే డిక్లరేటివ్. అడిగితే ఇంటరాగేటివ్. పని చేయమని చెబితే ఇంపరేటివ్. ఆశ్చర్యపోతే ఎక్స్‌క్లమేటరీ. పుట్టినప్పటి నుంచీ ఈ నాలుగు పనులూ తెలుగులో చేస్తూనే ఉన్నాం. అంటే ఆలోచన మన దగ్గర ఉంది. తేడా అంతా ఆ పని వాక్యంలో ఎక్కడ జరుగుతుందన్న దగ్గరే.

ఒక మాట తీసుకుందాం: ‘నువ్వు రేపు ఆఫీసుకి వస్తావు.’ ఇది చెప్పడం. చివర్లో ఒక్క దీర్ఘం పెట్టండి. ‘నువ్వు రేపు ఆఫీసుకి వస్తావా?’ ప్రశ్న అయిపోయింది. ‘వస్తే’ అంటే షరతు. ‘రావు’ అంటే కాదనడం. ‘వస్తావట’ అంటే ఎవరో చెప్పిన మాట. ‘రా’ అంటే ఆజ్ఞ, ‘రండి’ అంటే మర్యాద కలిసిన ఆజ్ఞ. ముందున్న ‘రేపు ఆఫీసుకి’ ఎక్కడిదక్కడే ఉంది. మారిందంతా తోకలోనే.

తెలుగువాడు వాక్యం మొదలుపెట్టి, ఎదుటివాళ్ల మొహం చూసి, చివరి అక్షరం దగ్గర మనసు మార్చుకోవచ్చు. ఇంగ్లిష్‌లో ఆ వెసులుబాటు తక్కువ. అక్కడ నిర్ణయం తలలోనే జరిగిపోవాలి. ‘యూ విల్ కమ్’ అంటే చెప్పడం. ‘విల్ యూ కమ్’ అంటే అడగడం. షరతయితే ముందే ‘ఇఫ్’. ఆజ్ఞయితే ముందే ‘కమ్’. నోరు తెరిచే ముందే ఏం చేయబోతున్నామో తెలిసి ఉండాలి.

ఇంటర్వ్యూలో మనం తడబడేది చాలాసార్లు మాటలు రాక కాదు. చివర్లో తేల్చుకుందామని బయల్దేరతాం, అక్కడ చివర్లో ఏమీ మిగలదు. అంతమాత్రాన మనదేదో వెనకబడిన పద్ధతి అనుకోకండి. ప్రపంచ భాషల్ని పోల్చి చూసినవాళ్ల లెక్కల్లో కర్త, కర్మ, క్రియ అనే మన వరసే ఎక్కువ భాషల్లో కనిపిస్తుంది. హిందీ, తమిళం, జపనీస్, కొరియన్ అన్నీ మన జట్టే.

ప్రశ్న: సాయం ముందుకు రావాలి

కొత్తల్లో నేనొక మెయిల్ రాశాను: ‘వై యూ చేంజ్డ్ ద ఫైల్?’ మన ‘ఫైల్ ఎందుకు మార్చావు?’ని ఉన్నదున్నట్టు దించేశాను. అవతలివాళ్లకు అర్థమైంది. కానీ చదవగానే కొత్తమ్మాయి రాసిందని తెలిసిపోయింది.

ఇంగ్లిష్ ప్రశ్నకు ఒక సహాయక క్రియ కావాలి. అది కర్త కంటే ముందుకు రావాలి. వాక్యంలో ఈజ్, ఆర్, విల్, క్యాన్, హ్యావ్ లాంటిది ఉంటే దాన్నే ముందుకు లాగుతాం. ‘షి ఈజ్ రెడీ’ కాస్తా ‘ఈజ్ షి రెడీ?’ అవుతుంది. అలాంటిదేమీ లేకపోతే బయట నుంచి డూ, డజ్, డిడ్‌లలో ఒకదాన్ని పిలుచుకోవాలి. ‘యూ చేంజ్డ్ ద ఫైల్’లో సాయానికి ఎవరూ లేరు. అందుకే ‘డిడ్ యూ చేంజ్ ద ఫైల్?’

ఇక్కడొక చిన్న మెలిక. ‘డిడ్’ వచ్చాక జరిగిపోయిన కాలం అనే బరువును అదే మోస్తుంది. అసలు క్రియ మామూలు రూపానికి వచ్చేస్తుంది. ‘డిడ్ యూ చేంజ్డ్’ అంటే ఒకే బరువును ఇద్దరికి ఎత్తినట్టు. ఇంటర్వ్యూల్లో ఎక్కువగా దొర్లే తప్పుల్లో ఇదొకటి.

మినహాయింపు ఒకటుంది. ఎవరు చేశారన్నదే ప్రశ్న అయితే సాయం అక్కర్లేదు: ‘హూ చేంజ్డ్ ద ఫైల్?’ ఎందుకంటే ఇక్కడ ‘హూ’యే కర్త.

ఇంకో సంగతి. ప్రశ్నను ఇంకో వాక్యంలో పెట్టినప్పుడు తిరగేయడం ఒక్కసారే. ‘డూ యూ నో వేర్ ఈజ్ ద ఫైల్?’ తప్పు. ‘డూ యూ నో వేర్ ద ఫైల్ ఈజ్?’ ఒప్పు. ముందు ‘డూ యూ నో’ అన్నప్పుడే ప్రశ్న అయిపోయింది. లోపలిది మళ్లీ తిరగబడదు.

ఆజ్ఞ: మన ‘అండి’ అక్కడ లేదు

ఓసారి క్లయింట్ టీమ్‌లో ఒకావిడకు చాట్‌లో పెట్టాను: ‘సెండ్ ద రిపోర్ట్ టుడే.’ నా మనసులో ఉన్నది ‘ఈరోజు రిపోర్ట్ పంపండి’. ఆమెకు చేరింది ‘రిపోర్ట్ పంపు’. మర్నాడు మా లీడ్ మెల్లగా, ‘‘నీకూ ఆవిడకూ ఏమైనా గొడవా?’’ అని అడిగారు. బిక్కచచ్చిపోయాను.

‘పంపండి’లో ‘అండి’ ఉంది చూశారా, ఆ రెండక్షరాలు పెద్ద పని చేస్తాయి. ఆజ్ఞ ఆజ్ఞలాగే ఉంటుంది, గౌరవం తగ్గదు. ఇంగ్లిష్ క్రియకు అలాంటి తోక లేదు. ‘సెండ్’ కొలీగ్‌కైనా సెండే, సీఈఓకైనా సెండే. మరి మర్యాద ఎక్కడి నుంచి తెస్తారు? వాక్యం రకం మార్చి తెస్తారు. ‘కుడ్ యూ సెండ్ ద రిపోర్ట్ టుడే?’ రూపం చూస్తే ప్రశ్న. చేసే పని ఆజ్ఞ. పక్కన ‘ప్లీజ్’ చేర్చొచ్చు. కానీ ‘ప్లీజ్ సెండ్ ద రిపోర్ట్ టుడే’ ఒక్కోసారి కాస్త కరుకుగానే వినిపిస్తుంది.

రూపం ఒకటి, పని ఒకటి అన్నది మనకు తెలియంది కాదు. పెళ్లి భోజనాల్లో ‘కొంచెం ఆ పప్పు ఇటు ఇస్తారా?’ అంటాం. ‘ఇస్తాను’ అని చెప్పి ఊరుకోరు కదా! ‘కుడ్ యూ’ కూడా సరిగ్గా అదే మర్యాద.

ఇక ఆశ్చర్యం. ‘ఎంత బాగుంది?’ అంటే కొలత అడిగినట్టు. ‘ఎంత బాగుందో!’ అంటే మురిసిపోయినట్టు. ఇక్కడా మనకు తోకే తేడా. ఇంగ్లిష్‌లో ప్రశ్నలకు వాడే వాట్, హౌ ఇక్కడా తలలోకి వస్తాయి, కానీ సహాయక క్రియ మాత్రం కర్త కంటే ముందుకు దూకదు. ‘వాట్ ఎ మ్యాచ్ ఇట్ వజ్!’, ‘హౌ ఫాస్ట్ షి రన్స్!’ వెనక నామవాచకం ఉంటే వాట్. విశేషణమో, క్రియా విశేషణమో ఒక్కటే ఉంటే హౌ. అంతే తేడా.

తిని, వెళ్లి, కూర్చుని... ఎన్ని ‘అండ్’లు?

ఇప్పటి వరకూ వాక్యం చేసే పని చూశాం. ఇక నిర్మాణం. రోజూ పొద్దున స్టాండప్ మీటింగ్‌లో నాకు చుక్కలు చూపించింది ఇదే.

మనసులో తెలుగు చక్కగా వచ్చేసేది: ‘నిన్న టికెట్ చూసి, లాగ్స్ తీసి, లీడ్‌తో మాట్లాడి, బగ్ ఫిక్స్ చేశాను.’ నాలుగు పనులు. వాటిలో పూర్తి క్రియ ఒక్కటే, ‘చేశాను’. చూసి, తీసి, మాట్లాడి అనేవి అసమాపక క్రియలు. బడిలో వీటినే క్త్వార్థకం అని చదివాం. వీటితో కట్టిన వాక్యాన్నే సంక్లిష్ట వాక్యం అన్నాం. ఎంత పొడుగైనా తెగదు, వినడానికి హాయిగా ఉంటుంది.

దాన్ని ఇంగ్లిష్‌లోకి దించితే? ‘ఐ సా ద టికెట్ అండ్ టుక్ ద లాగ్స్ అండ్ స్పోక్ టు మై లీడ్ అండ్...’ ఊపిరి అందదు. వినేవాళ్లకు ఏది ముఖ్యమో తెలీదు.

ఇక్కడ ఆ నాలుగు పేర్లు పనికొస్తాయి. ఒక కర్త భాగం, దానికో పూర్తి క్రియ భాగం, మొత్తం ఒకే ఉపవాక్యం ఉంటే సింపుల్. పొడవుతో సంబంధం లేదు. వాటంతట అవి నిలబడగల రెండు ఉపవాక్యాల్ని అండ్, బట్, ఆర్, సో లాంటి వాటితో కలిపితే కాంపౌండ్. ఒకటి సొంతంగా నిలబడుతూ, ఇంకోటి దాన్ని ఆనుకుని ఉంటే కాంప్లెక్స్. బికాజ్, ఇఫ్, వెన్, ఆల్దో, హూ లాంటివి ఆ ఆనుకునే భాగానికి తల. ఈ రెండూ కలిసి వస్తే కాంపౌండ్-కాంప్లెక్స్.

జాగ్రత్తగా చూస్తే ఇక్కడా తోక, తల కథే. ‘వర్షం పడితే’లో షరతు చివరి ‘తే’లో ఉంది. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’లో మొదటి మాటలోనే ఉంది. అన్నట్టు, రేపటి వర్షం గురించే అయినా ఇక్కడ ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అనరు. ‘నిన్న వచ్చిన అబ్బాయి’లో వివరం ముందు, అబ్బాయి తర్వాత. ‘ద బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే’లో అబ్బాయి ముందు, వివరం తర్వాత.

‘వర్షం పడినా మ్యాచ్ ఆగలేదు’ని చాలామంది ‘ఆల్దో ఇట్ రెయిన్డ్, బట్ ద మ్యాచ్ డిడ్ నాట్ స్టాప్’ అంటారు. ఆల్దో ఉంటే బట్ వద్దు. బట్ ఉంటే ఆల్దో వద్దు. తెలుగులో మనం ‘పడినా, కానీ ఆగలేదు’ అనం కదా. ఏదో ఒకటే చాలు.

మరి నా స్టాండప్ ఎలా చెప్పాలి? ‘ఐ ఫిక్స్‌డ్ ద లాగిన్ బగ్ యెస్టర్‌డే. ఆఫ్టర్ ఐ చెక్డ్ ద లాగ్స్, ఐ కన్‌ఫర్మ్‌డ్ ఇట్ విత్ మై లీడ్.’ ఒక సింపుల్, ఒక కాంప్లెక్స్. ముఖ్యమైన కబురు ముందే వచ్చేసింది. ఎవరూ మధ్యలో ‘సో ఈజ్ ఇట్ ఫిక్స్‌డ్?’ అని ఆపలేదు.

రకం మారితే బాధ్యత కూడా మారుతుంది

ఇది గ్రామర్ పుస్తకంలో నాకు దొరకలేదు, ఉద్యోగంలో తెలిసింది. సైట్ ఆగిపోయింది. తప్పు మీది. మెయిల్ రాయాలి. ‘ఐ చేంజ్డ్ ఎ సెట్టింగ్, అండ్ ద సైట్ వెంట్ డౌన్’ అని రాయొచ్చు. ఇది కాంపౌండ్. రెండు సంగతులూ పక్కపక్కన నిలబడ్డాయి. రెండోదానికి మొదటిదే కారణమని ఎక్కడా అనలేదు.

‘ద సైట్ వెంట్ డౌన్ బికాజ్ ఐ చేంజ్డ్ ఎ సెట్టింగ్’ అని కూడా రాయొచ్చు. ఇది కాంప్లెక్స్. కారణం ఒప్పుకున్నారు. మాటలు దాదాపు అవే. ఆ రాత్రి జరిగినదానికి రిపోర్ట్ రాసినప్పుడు నేను ముందు మొదటి రకం రాసుకున్నాను. మేనేజర్ చదివి ఒక్క మాటే అడిగారు: ‘‘ఇందులో బికాజ్ ఏదమ్మా?’’ మళ్లీ రాశాను. ఆ మెయిల్‌కి క్లయింట్ ఇచ్చిన జవాబులో కోపం లేదు. తను ఇంకోసారి అడిగి నిర్ధారించుకోవాల్సిందని ఆయనే రాశాడు.

ఇంతకీ ఆ ‘యెస్’ సంగతేంటి?

‘అన్నం తినలేదా?’ అని అమ్మ అడిగితే, తినకపోతే మనం ‘లేదు’ అనొచ్చు, ‘అవును, తినలేదు’ అనీ అనొచ్చు. మన ‘అవును’ అడిగినవాళ్ల మాటతో ఏకీభవిస్తుంది. ‘నువ్వన్నది నిజమే’ అని. ఇంగ్లిష్ ‘యెస్’ సాధారణంగా వాళ్ల మాటను పట్టించుకోదు, జరిగిన పనిని చూస్తుంది. పని జరిగితే యెస్, జరగకపోతే నో. ‘హావెంట్ యూ ఈటెన్?’ అని అడిగినా, ‘హ్యావ్ యూ ఈటెన్?’ అని అడిగినా తినకపోతే జవాబు ఒక్కటే: ‘నో, ఐ హావెంట్.’

జపనీస్, కొరియన్ మాట్లాడేవాళ్లకూ మనలాంటి తంటానే. వాళ్ల ‘అవును’ కూడా మన ‘అవును’ లాంటిదే. ఫ్రెంచ్‌వాళ్లయితే కాదన్న ప్రశ్నను ఖండించడానికి ‘సి’ అని, జర్మన్లు ‘డొఖ్’ అని ప్రత్యేకంగా ఒక మాటే పెట్టుకున్నారు. తమాషా ఏంటంటే, ఒకప్పుడు ఇంగ్లిష్‌లోనూ ఈ తేడా ఉండేది. మామూలు ప్రశ్నకు ‘యే’, కాదన్న ప్రశ్నను తిప్పికొట్టడానికి ‘యెస్’. తర్వాత ఆ ‘యే’ వాడుకలోంచి జారిపోయి, అన్నింటికీ ‘యెస్’ ఒక్కటే మిగిలింది.

‘కదా’ కూడా ఇలాంటిదే. మనకు అన్ని వాక్యాలకూ ఒకటే ‘కదా’. దాన్ని ‘ఈజ్‌న్ట్ ఇట్’గా మార్చి అన్నిచోట్లా అతికిస్తాం. ‘యూ ఆర్ కమింగ్, ఈజ్‌న్ట్ ఇట్?’ అని. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు ఇబ్బందేమీ లేదు. పరీక్షలోనో, ఇంటర్వ్యూలోనో అయితే ముందున్న క్రియనూ కర్తనూ చూసి ‘ఆర్‌న్ట్ యూ?’ అనాలి. కష్టమనిపిస్తే చివర ‘రైట్?’ అనండి, మాట్లాడేటప్పుడు అన్నిచోట్లా చెల్లుతుంది.

ఆ రాత్రి తర్వాత నేనొక నియమం పెట్టుకున్నాను. కాల్‌లో ఎవరైనా ‘నాట్’ ఉన్న ప్రశ్న అడిగితే ఒంటరిగా యెస్ అనీ అనను, నో అనీ అనను. పూర్తి వాక్యం చెబుతాను: ‘ఐ హావెంట్ టేకెన్ ఇట్ యెట్. ఐ విల్ టేక్ ఇట్ నౌ.’ రెండు సింపుల్ వాక్యాలు. ఇందులో అపార్థానికి చోటు లేదు.

ఈరోజే చేసి చూడండి

మా చెల్లికి చెప్పిన ఎక్సర్‌సైజ్ మీకూ చెబుతాను. బస్సులోనో, మెట్రోలోనో ఉన్నప్పుడు ఒక తెలుగు వాక్యం అనుకోండి. ‘ఆమె రేపు ఊరు వెళ్తుంది.’ దాన్ని తెలుగులోనే తిప్పండి. వెళ్తుందా, వెళ్తే, వెళ్లదు, వెళ్లమను, వెళ్లినా. ప్రతిసారీ తోక ఎక్కడ మారిందో గమనించండి. ఇప్పుడు అవే ఇంగ్లిష్‌లో చెప్పండి. ఈసారి వాక్యం మొత్తం కాదు, మొదటి రెండు మూడు మాటలే. ‘విల్ షి’, ‘ఇఫ్ షి’, ‘షి వోంట్’, ‘టెల్ హర్ టు’, ‘ఈవెన్ ఇఫ్ షి’. తల సరిగ్గా పడితే మిగతాది దానంతట అదే వస్తుంది. నాకు నెల రోజులు పట్టింది. మా చెల్లి రెండు వారాల్లో పట్టేసింది.

నిన్న రాత్రి మళ్లీ మెసేజ్ పెట్టింది. ‘అక్కా, మాక్ ఇంటర్వ్యూలో ‘డోంట్ యూ హ్యావ్ ఎనీ ప్రాజెక్ట్ ఇన్ జావా?’ అని అడిగారు. నోటి దాకా యెస్ వచ్చింది. ఆపుకుని ‘నో, ఐ డోంట్. మై ప్రాజెక్ట్ ఈజ్ ఇన్ పైథాన్’ అన్నా’ అని. కింద పది నవ్వుల ఎమోజీలు.

ఆ క్లయింట్‌తో నేను ఇప్పటికీ పని చేస్తున్నాను. ఆయనా ఒకటి నేర్చుకున్నాడు. ఎప్పుడు మార్పు చేయాల్సి వచ్చినా ఇప్పుడు ‘హావెంట్ యూ’ అని అడగడు. ‘‘ఈజ్ ద బ్యాకప్ డన్?’’ అంటాడు. నేను పూర్తి వాక్యంలో జవాబు చెప్పేదాకా కీబోర్డ్ ముట్టుకోడు.